తరగతిలో బృంద చర్చ పెడితే ఇద్దరే మాట్లాడుతున్నారు. మిగతా పిల్లల్ని ఎలా కలుపుకోవాలి?

కొండవాగు (కనిగిరి వైపు)
ఆదివారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. నేను కనిగిరి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఎనిమిదో తరగతిలో 46 మంది పిల్లలు. పోయిన వారం నీటి కాలుష్యం పాఠానికి బృంద చర్చ పెట్టాను. ఏడెనిమిది మంది చొప్పున ఆరు జట్లు చేసి, "నీటి కాలుష్యానికి కారణాలు, నివారణ మార్గాలు చర్చించండి" అని బోర్డు మీద రాసి పదిహేను నిమిషాలు టైం ఇచ్చాను.

ప్రతి జట్టులో బాగా చదివే పిల్లలు ఒకరిద్దరు పుస్తకం తెరిచి పాయింట్లు ఎక్కించుకున్నారు. మిగతావాళ్ళు వాళ్ళ చేతుల వంక చూస్తూ కూర్చున్నారు. కిటికీ పక్క జట్టులో మగపిల్లలు సాయంత్రం క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నారు. గోల విని హెడ్మాస్టర్ గారు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళారు. ఏమీ అనలేదు గానీ నాకు టెన్షన్ వచ్చింది. ఆఖర్న జట్టుకొకరు లేచి చదివితే ఆరుగురూ దాదాపు ఒకే వాక్యాలు చదివారు.

నన్ను పట్టి పీడిస్తున్నది మాత్రం ఇంకో సంగతి. ఆ తరగతిలో మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ నాయనమ్మకి ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు. మోకాళ్ళు వంగిపోయి, గోడ పట్టుకుని నడుస్తుంది. నీళ్ళ గురించి ఆ పిల్లకి తెలిసినంత మా పుస్తకంలో లేదు. ఆ పదిహేను నిమిషాల్లో ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. నేనే పాఠం చెప్పి ఉంటే కనీసం అందరూ వినేవాళ్ళు కదా అనిపించింది. చర్చ పద్ధతిని వదిలెయ్యాలని లేదు. ఎక్కడ తప్పు చేశానో మీలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పలకబలపం (మార్కాపురం)
ఆదివారం, రాత్రి 8:15

మేడం, నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. రెండు తరగతులు ఒకే గదిలో నడుపుతాను. మీకు జరిగిందంతా నాకూ జరిగింది. కొన్ని మార్చుకున్నాక దారిలో పడింది.

ముందు జట్టు సైజు తగ్గించండి. ఎనిమిది మంది కూర్చుంటే అది చిన్నపాటి సభ, సభలో ఎప్పుడూ ఒకరే మాట్లాడతారు. నలుగురికి మించొద్దు. బెంచీలు జరపాల్సిన పని లేదు. ముందు బెంచీలో ఇద్దరు వెనక్కి తిరిగి కూర్చుంటే వెనక బెంచీలో ఇద్దరితో జట్టు అయిపోతుంది. గోల కూడా సగం తగ్గుతుంది, ఎందుకంటే దూరంగా ఉన్నవాళ్ళకి వినపడాలని ఎవరూ అరవక్కర్లేదు.

తర్వాత, "చర్చించండి" అనగానే చర్చ మొదలవదు. పిల్లాడి దగ్గర చెప్పడానికంటూ ముందు ఏదో ఒకటి ఉండాలి. మార్కాపురం పలకల ఊరు, మా బళ్ళో ఇంకా పలకలు వాడతాం. ప్రశ్న అడిగి, ఒక్క నిమిషం ఎవరూ నోరు తెరవొద్దు, ఎవరి జవాబు వాళ్ళు పలక మీద రాయండి అంటాను. రాశాక పక్కవాళ్ళకి చూపించాలి. ఇద్దరిదీ ఒకటేనా? వేరైతే ఎందుకు వేరైంది? ఆ తర్వాత నలుగురూ కలుస్తారు. ఆ తర్వాతే క్లాసంతా. ఆలోచించు, జతలో మాట్లాడు, అందరితో పంచుకో అనే ఈ పద్ధతిని 1981లో అమెరికాలో ఫ్రాంక్ లైమన్ అనే ఆయన రాశాడు. ట్రైనింగుల్లో పేరు అందరం రాసుకున్నాం. కానీ ఆ మొదటి నిమిషం మౌనం ఎందుకో మాకెవరూ విడమరిచి చెప్పలేదు. అది లేకపోతే చురుకైన పిల్లాడు టక్కున జవాబు చెప్పేస్తాడు, మిగతా ముగ్గురూ ఆలోచించడం మొదలే పెట్టరు.

ఇంకొకటి మన గురించి. ప్రశ్న అడిగి మనం ఆగం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న చోట జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా అందుకున్నారు. నేను మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకుంటాను. మొదట్లో ఆ ఐదు అంకెలు దాటడం నాకు చాలా కష్టమైంది.

లెక్కల పంతులు (నెల్లూరు)
ఆదివారం, రాత్రి 9:50

సూటిగా అడుగుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నేను పదో తరగతికి లెక్కలు చెప్తాను. పీరియడ్ 45 నిమిషాలంటారు. హాజరు, సర్దుకోవడం పోను చేతికొచ్చేది ముప్పై అయిదు. ఫలితాలు తగ్గితే మీటింగులో నిలబెట్టి అడిగేది నన్నే. లెక్కలో చర్చించడానికి ఏముంటుంది? ఎక్స్ విలువ నాలుగైతే, నలభై మంది మాట్లాడుకున్నా అది నాలుగే. పైగా, తెలియని నలుగురు కలిసి కూర్చుంటే తప్పే గట్టిపడుతుందేమోనని నా భయం. సరిదిద్దడానికి నేను పదకొండు జట్ల దగ్గరా ఒకేసారి ఉండలేను కదా.

గూడూరు జంక్షన్
ఆదివారం, రాత్రి 10:05

నేను టీచర్ని కాదు. పోయినేడాదే బీటెక్ పూర్తి చేశాను. కాలేజీలో ఉద్యోగాల కోసం గ్రూప్ డిస్కషన్ ప్రాక్టీస్ చేయించారు. అందులో ఎవరు ముందు అందుకుంటారు, ఎవరు ఎక్కువసేపు మాట్లాడతారు అన్నదే ఆట. బడిలో పెట్టే చర్చ అలా కాకుండా చూడండి. పన్నెండేళ్ళ చదువులో "నీకేమనిపిస్తోంది" అని నన్ను ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళు వచ్చాక ఒక్కసారిగా పదిమందిలో మాట్లాడమంటే గొంతు పెగల్లేదు.

పెన్నగట్టు (కోవూరు)
సోమవారం, ఉదయం 6:20

లెక్కల మాస్టారు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను ఇంటర్‌కి ఫిజిక్స్ చెప్తాను కాబట్టి నా వైపు నుంచి చెప్తాను.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉన్నాడు. ఆయన పాఠం బాగా చెప్తాడని పిల్లలే మార్కులు వేసేవాళ్ళు. కష్టమైన సమస్యలు కూడా చేసేవాళ్ళు. ఒకసారి సూత్రాలతో పని లేని మామూలు ప్రశ్నలు ఇస్తే చాలామంది తడబడ్డారు. ఆయన 1990లలో తన పద్ధతి మొత్తం మార్చుకున్నాడు. అదేమీ పెద్ద హంగామా కాదు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. ముందు ఎవరికి వాళ్ళు జవాబు ఎంచుకుని చూపించాలి, మా క్లాసులో అయితే చేతివేళ్ళతో. అప్పుడు పక్కవాళ్ళని ఒప్పించమంటాడు. రెండు మూడు నిమిషాల తర్వాత మళ్ళీ జవాబు చూపించాలి.

నేను అడిగే ప్రశ్న ఇది. హైవే మీద లారీ, ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. లారీ ఆటో మీద చూపించిన బలం ఎక్కువా, ఆటో లారీ మీద చూపించింది ఎక్కువా, రెండూ సమానమా? న్యూటన్ మూడో నియమం నిద్రలో లేపినా అప్పజెప్పే పిల్లలు, లారీదే ఎక్కువ అంటారు. నుజ్జయిపోయింది ఆటోనే కదా సార్ అని అడుగుతారు. ఆ మాట బయటికి రావాలి. అది లోపలే ఉండిపోతే నియమం నోటికి, నమ్మకం మనసుకి. పక్కవాడు "బలం సమానమేరా, ఆటో బరువు తక్కువ, అందుకే దానికి దెబ్బ ఎక్కువ" అంటే, నేను చెప్పినప్పటి కంటే త్వరగా ఎక్కుతుంది. ఎందుకంటే వాడికి అది నిన్నో మొన్నో అర్థమైంది. తను ఎక్కడ ఇరుక్కున్నాడో వాడికి ఇంకా గుర్తుంది. నేను ఇరుక్కున్న చోటు మర్చిపోయి ముప్పై ఏళ్ళయింది.

మాస్టారి భయానికి మజూర్ దగ్గరే జవాబుంది. మొదటిసారి సరైన జవాబు చెప్పినవాళ్ళు నూటికి 30 కంటే తక్కువుంటే చర్చ పెట్టకూడదు. తెలిసినవాళ్ళే లేనప్పుడు మాట్లాడుకుని లాభం లేదు, మళ్ళీ పాఠం చెప్పాలి. 70 దాటితే కూడా అక్కర్లేదు, ఒక మాటలో వివరించి ముందుకు పోవచ్చు. మధ్యలో ఉన్నప్పుడే చర్చకి పదును. మొత్తం ఐదారు నిమిషాల పని.

సముద్రం ఒడ్డు (ముత్తుకూరు వైపు)
సోమవారం, మధ్యాహ్నం 2:30

టీచర్ల మధ్యలో మాట్లాడుతున్నాను, తప్పైతే క్షమించండి. మాది రొయ్యల చెరువుల మీద బతుకు. మా పాప ఏడో తరగతి, ఇంగ్లీష్ మీడియం. బళ్ళో చర్చ పెట్టారంట, నీళ్ళలో బతికే జీవుల గురించి. మా పాప, "మా నాయన తెల్లారుజామున చెరువు కాడే ఉంటాడు, మబ్బు పట్టిన రోజు రొయ్యలకి గాలి చాలదు, పైకి తేలతాయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపకూడదు" అని చెప్పిందంట. జట్టులో ఇద్దరు పట్టణం పిల్లలు "కాడ కాదు, దగ్గర అనాలి" అని నవ్వారంట. ఇంగ్లీషులో చెప్పు అన్నారంట. ఆ రోజు నుంచి చర్చ అంటే కడుపునొప్పి అంటుంది. మీరు జట్లు చేసేటప్పుడు ఇది కూడా చూడండమ్మా.

పలకబలపం (మార్కాపురం)
సోమవారం, సాయంత్రం 5:10

అమ్మా, మీరు రాసింది మా అందరికీ కావాల్సిన మాట. మీ పాప చెప్పినదాంట్లో పెద్ద పాఠం ఉంది. ఎండ లేకపోతే నీళ్ళలోని నాచు ఆక్సిజన్ సరిగ్గా తయారు చేయలేదు, రాత్రంతా అన్ని జీవులూ వాడుకుంటాయి, తెల్లారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. కిరణజన్య సంయోగక్రియ అనే పదం రాకుండానే ఆ పిల్ల దాన్ని చూసి చెప్పింది.

నేను మొదటి రోజే ఒక కట్టడి పెడతాను. జట్టులో ఏ యాసలో మాట్లాడినా, ఏ భాషలో మాట్లాడినా సరే, మాటని సరిదిద్దకూడదు, విషయం మీదే అడగాలి. ఇంగ్లీష్ మీడియం అయినా ఆలోచన తెలుగులోనే సాగనివ్వాలి. చివర్లో రాసేటప్పుడు ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. అట్టా ఇట్టా అనే పిల్లాడిని అలా ఇలా అనమంటే వాడు చెప్పాలనుకున్నది మర్చిపోతాడు.

కలిగిరి రోడ్డు
సోమవారం, రాత్రి 9:30

నేను రిటైరై చాలా కాలమైంది. ఈ చర్చ చూస్తుంటే పాత సంగతి రాయాలనిపించింది.

1990లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. నేను పగలు బళ్ళో పంతుల్ని, రాత్రి మా ఊరి కేంద్రంలో వాలంటీర్ని. గుడి అరుగు మీద పెట్రోమాక్సు లైటు. కూలికి పోయి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి ఎనిమిదిన్నరకి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. సగం మంది కునికిపాట్లు పడేవాళ్ళు. వాళ్ళకి "అ అంటే అమ్మ" అంటే ఎవరు కూర్చుంటారు? అందుకని ముందు బొమ్మ చూపించాలి, బొమ్మ మీద మాట్లాడించాలి, వాళ్ళ మాటల్లోంచి ఒక పదం పట్టుకుని అప్పుడు అక్షరాలు నేర్పాలి. పద్ధతి అదీ.

వాచకంలో సీత కథ అని ఒక పాఠం ఉండేది. మొగుడు సారాకి బానిసైన ఇల్లు. మొదటి రెండు రాత్రులు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నేనూ తొందరపడి, సారా వల్ల నష్టాలేంటో చెప్పండి అని అడిగాను. ఆరోగ్యం పాడవుద్ది, డబ్బు పోద్ది అని రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నారు. అందరికీ తెలిసిన జవాబే కదా. మూడో రాత్రి వెనక కూర్చున్న ఒకావిడ, "అయ్యా, ఈ సీత మొగుడికి రోజు కూలెంత?" అని అడిగింది. పుస్తకంలో లేదు. మన ఊరి కూలే అనుకోండి అన్నాను. అంతే. రోజుకెన్ని ప్యాకెట్లు, ప్యాకెట్ ఎంత, నెలలో పని దొరికేది ఎన్ని రోజులు అని ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. ఆ రాత్రి పలకల మీద అక్షరాలు రాయలేదు. కూలి ఒక పక్క, సారా ఒక పక్క అంకెలు రాశాం. కూడిక రానివాళ్ళు ఆ రాత్రి కూడిక నేర్చుకున్నారు. పదకొండు దాటినా ఎవరూ లేవలేదు.

మా పక్క ఊళ్ళ సంగతి మీకందరికీ తెలుసు. దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్ళు కలిసి ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకున్నారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క పాఠం వల్లే అంతా జరిగిందని నేను అనను. కానీ రాత్రి బడిలో కూర్చుని మాట్లాడుకోవడం దగ్గర ఒక నిప్పురవ్వ పడిందన్నది కళ్ళారా చూసినవాడిని.

అమ్మా కొండవాగు, మీ పిల్లల్లో తప్పు లేదు. మీరు బోర్డు మీద రాసింది పరీక్ష ప్రశ్న. దాని జవాబు పుస్తకంలో ఉంది, పుస్తకం పిల్లల చేతిలో ఉంది. ఇంక వాళ్ళు మాట్లాడుకోవాల్సిన అవసరం ఏముంది? ఎవరి దగ్గరా పూర్తి జవాబు లేని ప్రశ్న, ప్రతి ఒక్కరి దగ్గరా కొంత కొంత ఉన్న ప్రశ్న వెతకండి. ఆ మూడో బెంచీ అమ్మాయికి తెలిసిన ముక్క లేకుండా జట్టు ముందుకు పోలేని ప్రశ్న అయ్యుండాలి.

కొండవాగు (కనిగిరి వైపు)
మంగళవారం, రాత్రి 8:45

మాస్టారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. నిజమే, నేను అడిగింది పరీక్ష ప్రశ్నే. ఫ్లోరైడ్ మీద పెట్టాలనుకుంటున్నాను. మా ఊళ్ళో ప్రతి ఇంట్లో దానికి ఒక కథ ఉంది. ఒక్కటే సందేహం. కథలు చెప్పుకుంటే సరిపోదు కదా, సైన్సు రావాలి. అంత విషయం పిల్లల దగ్గర లేదు. అది ఎలా అందించాలి?

వేపచెట్టు నీడ (ఒంగోలు)
మంగళవారం, రాత్రి 10:20

మేడం, నేను టీచర్ ట్రైనింగ్‌లో పని చేశాను. మీకు పనికొచ్చేది ముక్కల పద్ధతి. ఇంగ్లీషులో జిగ్‌సా అంటారు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ పట్టణంలో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టాడు. అప్పటిదాకా విడివిడి బళ్ళలో చదివిన తెల్ల పిల్లల్ని, నల్లజాతి పిల్లల్ని, మెక్సికన్ కుటుంబాల పిల్లల్ని ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. గొడవలు మొదలయ్యాయి. ఆరన్సన్ చూసింది ఏంటంటే, చెయ్యెత్తి జవాబు చెప్పే పోటీలో కొందరు ఎప్పుడూ గెలుస్తారు, కొందరు ఎప్పుడూ ఓడతారు. అందుకని పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికీ ఒక ముక్క ఇచ్చాడు. ఒకే ముక్క వచ్చినవాళ్ళంతా ముందు ఒకచోట చేరి దాన్ని బాగా అర్థం చేసుకుంటారు. తర్వాత ఎవరి జట్టుకి వాళ్ళు వెళ్ళి నేర్పుతారు. పక్కవాడు చెప్పేది వినకపోతే నాకు పాఠం పూర్తి కాదు, కాబట్టి వినక తప్పదు.

మీరు నాలుగు ముక్కలు చేయొచ్చు. ఫ్లోరైడ్ నీళ్ళలోకి ఎలా వస్తుంది, పళ్ళకీ ఎముకలకీ ఏం చేస్తుంది, ఎంత ఉంటే హాని, ఎలా తీసేయొచ్చు. ఒక్కో ముక్కకి అర పేజీ రాసిస్తే చాలు.

ఇంకో మాట. మన ఊళ్ళలో పిల్లలు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చూస్తే ఊరు మ్యాపు కనిపిస్తుంది. ఏ వీధి వాళ్ళు ఆ వీధి వాళ్ళతోనే. జట్లని పిల్లలకి వదిలేయకండి, మీరే కలపండి. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో, పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేలా చూడాలని, వీలైనంతవరకు మాతృభాషలో బోధన జరగాలని రాసి ఉంది. ఎవరైనా గోల అంటే ఆ సెక్షన్ చూపించండి.

కొండవాగు (కనిగిరి వైపు)
తర్వాతి వారం శుక్రవారం, రాత్రి 9:15

రెండు పీరియడ్లు తీసుకున్నాను. హెడ్మాస్టర్ గారికి ముందే చెప్పాను, గోల ఉంటుంది సార్ అని. సరేనన్నారు.

నలుగురేసి జట్లు, రెండు జట్లలో మాత్రం అయిదుగురు. వీధులు కలిపి నేనే వేశాను. బోర్డు మీద రాసిన ప్రశ్న ఇది: "మీ ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివి? అవి మారితే ఏం మారుతుంది?" ఒక నిమిషం మౌనం, రఫ్ నోటులో రాత. బోరు, ట్యాంకరు, ప్లాంటు నీళ్ళ క్యాను అని మూడు రకాలు వచ్చాయి. క్యాను తాగడానికే, వంట బోరు నీళ్ళతోనే అని కొంతమంది రాశారు. అది నేను ఊహించలేదు.

తర్వాత ముక్కలు పంచాను. ఆ అమ్మాయికి కావాలనే ఎముకల ముక్క ఇవ్వలేదు. ఇంట్లో బాధని పదిమందిలో చెప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. ఎలా తీసేయొచ్చు అన్న ముక్క ఇచ్చాను. అందులో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన నల్గొండ పద్ధతి గురించి రాశాను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చి వడకట్టడం.

రెండో పీరియడ్‌లో తన జట్టులో ఒక అబ్బాయి "ఇదంతా ఎందుకు, కాచి తాగితే పోతుంది" అన్నాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టాను. ఆ అమ్మాయి పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అడిగింది. "సాంబారు ఎక్కువసేపు కాస్తే ఉప్పు తగ్గుద్దా, ఎక్కువవుద్దా?" అబ్బాయి ఆలోచించి "ఎక్కువవుద్ది" అన్నాడు. "మరి ఇది కూడా ఉప్పు మాదిరే. నీళ్ళు ఆవిరైపోతాయి, అది ఉండిపోద్ది. మా నాయనమ్మకి ఇన్నేళ్ళూ కాచిన నీళ్ళే ఇచ్చినాం." ఆ జట్టు నలుగురూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ అబ్బాయి తన నోటులో కాచడం అన్న మాట కొట్టేశాడు.

ఇంకో జట్టులో ఇంకో ప్రశ్న లేచింది. కాలుష్యం అంటే మనిషి కలిపింది కదా టీచర్, ఫ్లోరైడ్ రాళ్ళలోంచి దానంతటదే వచ్చింది కదా, దీన్ని కాలుష్యం అనొచ్చా? ఆ జట్టులో ఎంత ఫ్లోరైడ్ అన్న ముక్క చదివిన పిల్ల, లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా పర్లేదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు, అది దాటితే ఎలా వచ్చినా హానే కాబట్టి కాలుష్యమే అంది. ఎలా వస్తుందన్న ముక్క పిల్లాడు ఒప్పుకోలేదు. తాతల కాలంలో పై బావుల నీళ్ళు తాగేవాళ్ళు, మనం లోతుగా బోర్లు వేసి రాతి మధ్య ఎన్నో ఏళ్ళుగా ఉన్న నీళ్ళు తోడుతున్నాం, కాబట్టి మనిషి చెయ్యి కూడా ఉంది అన్నాడు. వాదన ఎటూ తేలకుండానే బెల్లు కొట్టారు. మధ్యాహ్న భోజనం వరసలో కూడా ఇద్దరూ దాని మీదే మాట్లాడుకున్నారు.

అన్ని జట్లూ ఇలా నడవలేదు. వాన చూసి సెలవు పెట్టే పిల్లలున్న ఊరు మాది, ఆ రోజు ముక్క చదవాల్సిన ఇద్దరు రాలేదు. ఆ రెండు జట్లలో నేనే కూర్చున్నాను. ఇంకో జట్టులో ఎంత చేసినా ఒకడే మాట్లాడాడు. కానీ సోమవారం చిన్న స్లిప్ టెస్టు పెడితే, కాచితే ఫ్లోరైడ్ పోతుందా అన్న ప్రశ్నకి ఆ అమ్మాయి జట్టులో నలుగురూ కారణంతో సహా రాశారు.

లెక్కల పంతులు (నెల్లూరు)
శుక్రవారం, రాత్రి 10:40

మేడం, మీ పోస్టు చదివాక నేనూ ఒకటి చెప్పాలి. పెన్నగట్టు గారు చెప్పినట్టు చేతివేళ్ళ పద్ధతి ఆరో తరగతిలో చేసి చూశాను. 0.35 పెద్దదా, 0.4 పెద్దదా? సగం మందికి పైగా 0.35 అన్నారు. పక్కవాళ్ళని ఒప్పించండి అన్నాను. ఒక పిల్లాడు "35 పెద్దది కదరా, 4 ఎంత" అంటున్నాడు. పక్కనున్న పిల్ల "ముప్పై అయిదు పైసలు ఎక్కువా, నలభై పైసలు ఎక్కువా?" అంది. నాలుగు పక్కన సున్నా ఎక్కడిది అని వాడు గట్టిగా పోట్లాడాడు. ఆ సున్నా ఎక్కడిదో ఆ పిల్ల పదో వంతులు, నూరో వంతులు గీసి చూపించింది. రెండోసారి వేళ్ళు ఎత్తితే అయిదుగురు తప్ప అందరూ మారారు. ఏడు నిమిషాలు పట్టింది. దశాంశాలు నేను ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను. పిల్లలు సున్నా దగ్గర ఆగిపోతున్నారని నాకు ఆ రోజే తెలిసింది. పదో తరగతిలో కూడా వారానికి రెండుసార్లు పెడతాను. రోజూ మాత్రం నావల్ల కాదు.

సముద్రం ఒడ్డు (ముత్తుకూరు వైపు)
శనివారం, ఉదయం 11:05

మా పాపకి మీ సాంబారు సంగతి చదివి వినిపించాను. మా టీచర్‌కి కూడా చూపించు అంది. సోమవారం బడికి వెళ్ళి చూపిస్తాను.

కొండవాగు (కనిగిరి వైపు)
శనివారం, సాయంత్రం 7:30

తప్పకుండా చూపించండమ్మా. పాప చెరువు సంగతి ఆ టీచర్ విన్నారో లేదో కూడా అడగండి.

నాకు ఇప్పుడు కొత్త పని పడింది. పిల్లలు ఊరుకోవడం లేదు. మన బోరులో ఎంత ఉందో తేల్చాలి టీచర్ అంటున్నారు. మూడు వీధుల నుంచి మూడు బోర్ల నీళ్ళు, బడి ట్యాంకు నీళ్ళు తెస్తామన్నారు. పరీక్ష ఎక్కడ చేయించాలి, నీళ్ళు ఎలా పట్టాలి, ఎవరికైనా తెలుసా?

వేపచెట్టు నీడ (ఒంగోలు)
శనివారం, రాత్రి 8:10

గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళకి నీటి పరీక్షల ల్యాబులు ఉన్నాయి. మీ మండలం ఇంజినీరు ఆఫీసులో అడిగితే ఏ ల్యాబుకి ఇవ్వాలో చెప్తారు. బడి తరఫున ఒక ఉత్తరం పెట్టండి. నీళ్ళు ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టించండి, ఫ్లోరైడ్ పరీక్షకి గాజు సీసా వద్దు. బోరు కాసేపు వదిలి, అదే నీళ్ళతో సీసా రెండుసార్లు తొలిచి, అప్పుడు నింపాలి. సీసా మీద తేదీ, ఏ వీధి బోరో, ఎన్ని అడుగుల లోతో రాయించండి. లోతు రాస్తే ఆ ఇద్దరి వాదన మళ్ళీ మొదలుపెట్టుకోవడానికి పనికొస్తుంది.

కొండవాగు (కనిగిరి వైపు)
శనివారం, రాత్రి 8:25

సీసాల బాధ్యత మూడో బెంచీ అమ్మాయికి, కాచి తాగమన్న అబ్బాయికి అప్పజెప్పాను. లోతులు కనుక్కోవడానికి రేపు పొద్దున్నే వీధుల్లోకి బయల్దేరుతున్నారంట. ఫలితాలు రాగానే ఇక్కడే రాస్తాను.